కడుపులో తొమ్మిది గదులు

మిరజ్ స్టేషను వెనక వీధిలో అభ్యంకర్ సర్ ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు దారి చెప్పే పనే ఉండేది కాదు. "ఆ మలుపు దాకా వెళ్ళి నిలబడండి, వినిపిస్తుంది" అనేవారు. మెడికల్ కాలేజీలో ఎముకా నరమూ కండా చెప్పి చెప్పి, వెనక బెంచీలో కునుకు తీసేవాడికి కూడా వినపడాలని అరిచి అరిచి గట్టిపడిన గొంతు అది. రిటైరైనా తగ్గలేదు. పాలవాడు వేలు తెగిందంటే చాలు, ఏ వేలు, ఎన్నో కణుపు, అరచేతి వైపా వెనక వైపా అని తేలేదాకా వాణ్ణి కదలనిచ్చేవారు కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోయినా సరే, పేరు మాత్రం సరిగ్గా ఉండాలి.

అలాంటి ఇంట్లో ఇప్పుడు గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంటే వినిపిస్తోంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆయన భార్య మందాకినికి గుండెలో కలుక్కుమంటుంది. ఆయన నోరు పడిపోవడానికి కారణం తానేనని ఆవిడ గట్టి నమ్మకం. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతా అది!

ఆ రోజు పొద్దున జరిగింది ఇదీ. ఆవిడ వంటింట్లో కొత్తిమీర తుంచుతూ, "ఎందుకో కడుపునొప్పిగా ఉందండీ" అంది. అనడమే పాపమైపోయింది.

సర్ పేపరు మడిచి పక్కన పెట్టారు. "కడుపంటే? కడుపంటే ఒక చోటా, మందా? తొమ్మిది గదులని చెప్పానా లేదా? పైన మూడు, మధ్యన మూడు, కింద మూడు. కుడి పై గదిలో కాలేయం, పిత్తాశయం. ఎడమ పై గదిలో ప్లీహం. కుడి కింది గదిలో అపెండిక్స్. నీకు ఏ గది?"

"నొప్పి ఉన్న గది."

"అది జవాబు కాదు. పరీక్షలో అయితే..."

"ఇది పరీక్ష హాలు కాదు, వంటిల్లు! పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. నాకెక్కడైనా నొప్పి పుడితే ముందు దాని పేరు తేలాలి, ఆ తర్వాతే మందు. ఒక్కపూట, ఒకే ఒక్కపూట నోరు మూసుకోండి. మీకు పుణ్యముంటుంది!"

సర్ మొహం చిన్నబుచ్చుకుని కుళాయి దగ్గరికి వెళ్ళారు. కాసేపటికి చెంబు కిందపడిన చప్పుడైంది. ఆవిడ పరుగెత్తుకెళ్ళి చూసేసరికి కుడి చెయ్యి వేలాడుతోంది, మూతి ఒక పక్కకి జారిపోయింది.

పక్షవాతం. మెదడుకు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. అడుగుకో ఆసుపత్రి ఉన్న ఊరు కాబట్టి సరిపోయింది, గడ్డను కరిగించే ఇంజెక్షను వేళకి పడింది. కాలు వచ్చింది. చెయ్యి వచ్చింది, చొక్కా గుండీలు ఆయనే పెట్టుకుంటున్నారు. మూతి కూడా సర్దుకుంది. మాట ఒక్కటే రాలేదు.

ఇంట్లో చెడ్డ మాట అనకూడదే పిల్లా, ఇల్లు వింటూ ఉంటుంది, తథాస్తు అంటుంది అని మందాకిని అత్తగారు బతికున్నన్నాళ్ళూ చెప్పేది. అప్పుడు నవ్వుకున్న కోడలు ఇప్పుడు రోజూ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, సర్ వరండాలో ఉన్నారని చూసుకుని, గోడ వైపు తిరిగి పోట్లాటకు దిగుతోంది. "నేనన్నది వెనక్కి తీసుకున్నాను, విన్నావా? ఒక్కపూట అన్నాను, అదీ కోపంలో. ఏది వినాలో ఏది వినకూడదో ఆమాత్రం తెలియదూ నీకు? ఇన్నేళ్ళుగా సున్నాలు వేయించుకున్నావే, సిగ్గులేదూ?" గోడ ఏమంటుంది! నర్సోబా వాడీ గుడికి వెళ్ళి దత్తాత్రేయుడి పాదాలకు మొక్కి వచ్చింది. గురువారాలు ఉపవాసం పట్టింది. సర్ మాత్రం నోరు విప్పలేదు.

షమీమ్ ముల్లాణి అని, ఇలాంటి రోగులకు మళ్ళీ మాట నేర్పే అమ్మాయి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేది. టేబులు మీద బొమ్మల అట్టలు పరిచేది. ఆవు, దువ్వెన, తాళంచెవి, గడియారం. "సర్, ఇదేమిటో చెప్పండి?" సర్ బొమ్మను చూసేవారు, షమీమ్‌ని చూసేవారు, పెదాలు బిగించి కిటికీ వైపు తిరిగేవారు. "పోనీ తాళంచెవి ఏదో చూపించండి" అంటే మాత్రం ఠక్కున వేలు పెట్టేవారు. అర్థం కావడంలో ఏ లోటూ లేదు.

"నాకదే అంతుపట్టడం లేదు కాకూ," అంది ఒకరోజు షమీమ్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, మందాకినిని ఆ ఊరి అలవాటున పిన్ని వరసలో పిలుస్తూ. "దీన్ని అఫేజియా అంటాం. మెదడులో మాటలుండే చోట దెబ్బ తగిలింది. కానీ ఇలాంటివాళ్ళకు ఒకదానికొకటి వస్తుంది. దువ్వెన అనబోయి చెంచా అంటారు. తప్పయినా పర్లేదు, ఏదో ఒకటి బయటపడితే దాన్ని పట్టుకుని లాగొచ్చు. సర్ తప్పు మాట కూడా అనడం లేదు. అసలు ప్రయత్నమే లేదు."

"ప్రయత్నం లేకపోతే ఏమవుతుందమ్మా?"

షమీమ్ చెప్పు పట్టీతో కాసేపు కుస్తీ పట్టింది. "ఈ మొదటి నెలల్లోనే మెదడు కొత్త దారులు వెతుక్కుంటుంది కాకూ. నడవని దారి మూసుకుపోతుంది. అప్పుడు నేనొచ్చినా, ఇంకెవరొచ్చినా పెద్దగా..." అని ఆపేసి, ఆవిడ మొహం చూసి గబగబా అంది. "కోపంలో ఒక్కోసారి మాట దానంతటదే దూకేస్తుంది. కాస్త కోపం తెప్పించి చూడండి."

కోపం తెప్పించడమట! ఇన్నేళ్ళుగా ఆవిడ ఏ కష్టమూ లేకుండా చేస్తూ వచ్చిన పని. తీరా కావాలని చేయబోతే కుదిరితేనా? చక్కెర లేని టీ ఇచ్చింది. తాగేశారు. శనగపిండి పిఠ్లంలో ఉప్పు రెట్టింపు వేసింది. ఇంకో జొన్న భాకరీ సైగ చేసి పెట్టించుకుని తినేశారు. పేపరు దాచేసింది. నిన్నటిదే మళ్ళీ చదువుకున్నారు. మొగుడు ఇంత మంచివాడైపోతే ఎలా భరించడం! ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇలా ఉండగా ఒక ఆదివారం రణధీర్ ఘాట్గే వచ్చాడు.

ఘాట్గే కొల్హాపూర్‌లో పేరు మోసిన ఎముకల డాక్టరు. తలుపంత మనిషి, మెలితిప్పిన మీసం. అలాంటివాడు గేటు దగ్గరే జుట్టు సర్దుకుని, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని, చేతిలో నర్సోబా వాడీ నుంచి తెచ్చిన తీపి బాసుంది డబ్బాతో లోపలికి రావడానికి జంకుతూ నిలబడ్డాడు.

"రావోయ్ క్లావికిల్, ఎవరూ కరవరు" అంది మందాకిని.

అది సర్ పెట్టిన పేరు. సర్ దగ్గర చదివినవాళ్ళకు సొంత పేరు మిగిలేది కాదు. పొడుగ్గా ఉంటే తొడ ఎముక ఫీమర్, బక్కచిక్కి ఉంటే పక్కటెముక రిబ్, కూర్చున్న చోటు వదలనివాడు తోక ఎముక కాక్సిక్స్. ఘాట్గే పరీక్షలో కాలర్ ఎముక దగ్గర బోల్తా కొట్టాడు కాబట్టి క్లావికిల్. పెళ్ళి పత్రిక ఇవ్వడానికి వచ్చినప్పుడు కూడా సర్, "క్లావికిల్‌కి పెళ్ళటే మందా!" అని వీధి వీధంతా వినేలా అరిచారు.

సర్ అతణ్ణి చూసి కళ్ళతో నవ్వారు. ఘాట్గే కాళ్ళకు దండం పెట్టి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఎదుటి మనిషి మాట్లాడకపోతే మనం రెండింతలు మాట్లాడతాం కదా. అతనూ మొదలుపెట్టాడు.

"వైవా పరీక్ష రోజు గుర్తుందా సర్? నా ముందు మా క్లాసు అమ్మాయి కర్మార్కర్ వెళ్ళింది. చెయ్యి ఎముక ఇచ్చి కుడిదా ఎడమదా అన్నారు. ఠక్కున ఎడమ అనేసింది. తప్పు. ఇంకో ప్రశ్న లేదు, బయటికి పో అన్నారు. తర్వాత నేను. కాలర్ ఎముక. చచ్చినా తోచలేదు. నిలబడ్డాను, నిలబడ్డాను, గొంతు పెగల్లేదు. కాకూ, నమ్ముతారా? సర్ తిట్టలేదు. నాకు టీ తెప్పించారు!"

"టీయా?" అంది మందాకిని, గిన్నెల్లోకి బాసుంది వంచుతూ.

"టీయే. తప్పు చెప్పినదాన్ని గెంటేశారు, నోరు విప్పనివాడికి టీ ఇచ్చారు. ఆ టీ తాగిన ధైర్యంతో నేనూ తప్పే చెప్పాననుకోండి, నన్నూ గెంటేశారు, అది వేరే సంగతి. సర్ సూత్రం అది కాకూ. మొదటి క్లాసులోనే చెప్పేవారు. నోరు మూసుకున్న డాక్టరు చేతిలో ఎవడూ చావలేదు. పేరు తప్పు చెప్పినవాడి చేతిలో కుడి కాలికి బదులు ఎడమ కాలు తెగుతుంది. తెలిస్తే చెప్పు, లేకపోతే నోరు కుట్టుకో. అంతే కదా సర్?"

సర్ అవునన్నట్టు నిదానంగా తల ఊపారు.

మందాకిని చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది.

ఆవిడకు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో సర్ కళ్ళు తెరిచిన మర్నాడు, నర్సు నీళ్ళ గ్లాసు చూపించి "తాతగారూ, ఇదేంటి చెప్పండి?" అంది. సర్ నోరు తెరిచి, "గొడుగు" అన్నారు. స్పష్టంగా, ఎప్పటి గొంతుతోనే. నర్సు ఫక్కున నవ్వింది. సర్ మొహం సున్నంలా పాలిపోయింది. అప్పుడు బిగించారు పెదాలు. మందాకిని పక్కనే ఉంది, చూసింది, ఏదో మందు మగత అనుకుంది. ఇన్ని వారాలుగా చూస్తున్న బిగింపు అదే. ఒక్కసారైనా షమీమ్‌కి చెప్పాలని తోచలేదే! ఆవిడ తన నెత్తి తానే కొట్టుకోవాలనుకుంది, చేతిలో గరిటె ఉండబట్టి ఆగింది.

"ఘాట్గే, ఒకసారి ఇలా వంటింట్లోకి రా నాయనా. డబ్బా మూత రావడం లేదు."

అతను లోపలికి రాగానే ఆవిడ అతని చొక్కా పట్టుకుంది. "మాట పోలేదురా! ఉంది! లోపలే ఉంది! తప్పొస్తుందేమోనని మింగేస్తున్నారు ఆ మహానుభావుడు. నా నోటి దోషం కాదురా నాయనా, నా నోరు కాదు. ఆయన సూత్రమే ఆయన నోరు కుట్టేసింది!" అంటూ గట్టు పట్టుకుని నిలదొక్కుకుంది. మీద నుంచి బియ్యం బస్తా దించినట్టుంది ఆవిడకు.

నోటి దోషమేమిటో ఘాట్గేకి అర్థం కాలేదు. "ఏ మూత కాకూ?" అన్నాడు.

"మూతా లేదు ఏమీ లేదు, విను. ఎముకల పెట్టె తెస్తాను. ఆయన ముందు నువ్వు తప్పు చెప్పు. తప్పు పేరు చెవిన పడితే ఊరుకునే ప్రాణం కాదది."

ఘాట్గే మీసం కిందికి వాలిపోయింది. "నేనా? సర్ ముందా? తప్పు చెప్పాలా?"

"కొత్తా ఏమిటి నీకు?"

"అప్పుడు రాక చెప్పాను కాకూ!"

"ఇప్పుడు వచ్చి చెప్పు. పో."

సర్ పాఠాలకు వాడిన ఎముకల పెట్టె మంచం కింద ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో దాన్ని చూసి ఆవిడ పుట్టింటికి పోతానంది. తర్వాత్తర్వాత అలవాటైంది. దసరాకు కొడవలీ కత్తీ పూజలో పెట్టే ఇళ్ళలాగే ఈ ఇంట్లో ఆ పెట్టెకు పసుపూ కుంకుమా పెట్టేది, మూత మాత్రం ముట్టుకునేది కాదు. ఇప్పుడు తనే మూత తీసి, పుర్రెలనైనా జరిపేస్తానన్నంత ధైర్యంగా లోపల చెయ్యి పెట్టి వెతికి, "ఇదేనా?" అని కాలర్ ఎముక పైకి లాగింది.

"ఏమండీ, మీ క్లావికిల్ మళ్ళీ పరీక్షకు కూర్చుంటాడట" అంది హాల్లోకి వచ్చి.

సర్ కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. ఆ కళ్ళు చూసి ఘాట్గే, ఎవరూ చెప్పకుండానే లేచి చేతులు కట్టుకున్నాడు. తర్వాత ఎముక అందుకున్నాడు. సన్నగా, రెండు వంపులు తిరిగి ఉంది. రోజూ చూసే ఎముకే. విరిగిన కాలర్ ఎముకలకు ఎన్నిటికి ప్లేట్లు బిగించాడో అతనికే తెలియదు. కానీ ఒంట్లో ఉన్న ఎముక అయితే ఇబ్బంది ఏముంది, కుడి భుజం కిందున్నది కుడిది, ఎడమ భుజం కిందున్నది ఎడమది. ఒంటరిగా అరచేతిలోకి వచ్చి పడినప్పుడే అది మనిషిని పరీక్షిస్తుంది. అతను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చివరికి, ఇది ఎడమది, అనుకున్నాడు. కాబట్టి తప్పు చెప్పాలంటే కుడి అనాలి.

"సర్, ఇది కుడివైపుది!" అని అరిచి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

మెల్లగా ఒక కన్ను తెరిచి చూశాడు. సర్ మొహం వెలిగిపోతోంది. తల ఊపుతున్నారు. చెయ్యి చాపి అతని మోచేతి మీద తట్టారు కూడా.

మందాకినికి ప్రాణం ఉసూరుమంది. కోపం రావాల్సిన చోట మెచ్చుకోలు వచ్చింది, ఇదేం ఖర్మ! ఘాట్గేకి వేరే దిగులు పట్టుకుంది. ఎముకను మళ్ళీ తిప్పి చూసుకున్నాడు.

"కుడేనా సర్?" అన్నాడు మెల్లగా.

సర్ తల ఊపారు.

"కాదు కదా సర్? ఇదిగో ఈ పలచటి కొస బయటికి. ఈ వంపు ముందుకి. అలా పెడితే... ఎడమే కదా సర్? ఎడమే!" ఉపాయం సంగతి, కాకూ సంగతి, అన్నీ మర్చిపోయాడు. పంతం పట్టిన పిల్లాడిలా ఎముకను సర్ ముక్కు ముందు ఆడించాడు. "నాకు బాగా గుర్తు సర్, ఇది ఎడమది!"

సర్ కణత మీద నరం లేచింది. కుర్చీ కిర్రుమంది. ఎముకను అతని చేతిలోంచి లాక్కుని, తలకిందులుగా ఉన్నదాన్ని ఒక్క తిప్పుతో సరిచేసి, అడుగున ఉన్న సన్నటి పల్లం మీద బొటనవేలు పెట్టి నొక్కారు.

"కు..." అన్నారు. మెడ మీద నరాలు తేలాయి. "కు... కుడి! కుడి! ఇది కిం... కింద! కింద!" గొంతు బొంగురుపోయింది కానీ గోడలు మాత్రం అదిరాయి. ఆ ఊపులోనే గుమ్మం వైపు చెయ్యి చాపి, వెనకటిలాగే ఒక్క గర్జన గర్జించారు. "సబ్బు!"

ఘాట్గే ఆ చెయ్యి చూపిన తలుపు వైపు తిరిగి చూశాడు.

తన నోటి నుంచి ఏం వచ్చిందో సర్ చెవిన పడింది. చెయ్యి కిందికి దిగింది. మొహం పాలిపోయింది. పెదాలు దగ్గరికి వచ్చాయి, బిగుసుకోబోయాయి. ఆసుపత్రిలో చూసిన బిగింపే అది. ఈసారి మందాకిని మగత అనుకోలేదు. ఒక్క అంగలో వెళ్ళి ఆయన గడ్డం పట్టుకుంది.

"ఊహూ, మూయకండి. సబ్బు అన్నారు. అంటే ఏమైంది? ఎవరి కాలు తెగింది? ఒరేయ్ ఘాట్గే, నీ కాళ్ళున్నాయా?"

"ఉన్నాయి కాకూ."

"రెండూ?"

ఘాట్గే నిజంగానే కిందికి చూసుకున్నాడు. "రెండూ ఉన్నాయి కాకూ."

"విన్నారా? ఇది మన ఇల్లు. ఇక్కడ రోగులు లేరు, కత్తులు లేవు. తలుపుని సబ్బనండి, నన్ను చీపురనండి. తప్పులు మాట్లాడండి, రోజంతా మాట్లాడండి, నేను దిద్దుతాను. పెళ్ళయిన నాటి నుంచీ నన్ను దిద్దుతూనే ఉన్నారే, నాకొక్కసారి అవకాశం ఇవ్వకూడదూ?" అంటూ ఆయన గడ్డం వదలకుండానే మళ్ళీ అంది. "మీరు తప్పు మాట్లాడినా బతకగలను కానీ, అసలు మాట్లాడకపోతే నా వల్ల కావడం లేదండీ."

సర్ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత గుమ్మం వైపు చూశారు. "స... సబ్..." అని తల అడ్డంగా ఊపారు. "త... తలు..."

"తలుపు."

"తలుపు" అన్నారు సర్.

ఘాట్గే ఏ మొహమాటమూ లేకుండా ఏడ్చేస్తున్నాడు. మీసం తడిసిపోయింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, కొల్హాపూర్ డాక్టరన్న సంగతి గుర్తొచ్చి, గొంతు సవరించుకున్నాడు. "ఎలా ఉంది కాకూ నా నటన? నిజంగానే రాదనుకున్నారు కదా సర్!"

సర్ వేలు ఎత్తారు. ఒక్కొక్క మాటనీ బావిలోంచి చేదుకున్నట్టు పైకి లాగారు. "న... నటన కాదు. వీడికి... రాదు."

మందాకిని ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఇన్ని వారాల భయమూ ఉపవాసాలూ గోడతో పోట్లాటలూ అన్నీ కలిసి నవ్వై బయటికొచ్చాయి. నవ్వుతూ నవ్వుతూ కింద కూలబడింది. ఘాట్గే "కాకూ, అంతలా నవ్వాలా?" అంటే మరీ ఎక్కువైంది.

"అమ్మో, ఇంక నవ్వలేను, కడుపునొప్పి..." అంది పొట్ట పట్టుకుని.

అనేశాక ఉలిక్కిపడి ఆగింది. ఆ పొద్దుటి మాట. ఆ మాటతోనే కదా మొదలైంది అంతా. భయం భయంగా తలెత్తి చూసింది.

సర్ కనుబొమలు పైకి లేచాయి. ఎముకను ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగారు. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"ఏ... గది?"

ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు జలజలా రాలాయి. "అన్ని గదులూనండీ. తొమ్మిదీనూ."

"అది... జవాబు... కాదు" అన్నారు సర్.

"కాదు, కాదు, నాకు తెలుసు కాదని. మీరే చెప్పండి, పై నుంచి మొదలుపెట్టండి, ఎంతసేపైనా వింటాను" అంటూ ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత గోడ వైపు తిరిగి, "ఏం, విన్నావుగా? ఇప్పుడు అను తథాస్తు" అంది.